పరాయి దేశంలో తిండి: తిరుపతి నుంచి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మేము నైరోబీలో మూడేళ్ళు, జర్మనీలో నాలుగేళ్ళు ఉండి తిరుపతికి తిరిగొచ్చాం. మధ్యలో ఇథియోపియా, థాయ్‌లాండ్, జపాన్ చూసొచ్చాం. అప్పటి నుంచి మా వీధిలో ఎవరి పిల్లలకి వీసా వచ్చినా ఫోన్ నాకే. చలి గురించో, అద్దె గురించో అడిగేవాళ్ళు తక్కువ. "అక్కా, అక్కడ ఏం తినాల?" అన్నదే మొదటి మాట. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక రాసి పెట్టాను. అమెరికా వంటల గురించి మాత్రం నన్నడగొద్దు, నేను ఆ గడప తొక్కలేదు.

పెట్టెలో ఏమేం పెట్టుకోవాలి?

పెట్టకూడనివి ముందు చెబుతాను. పెట్టాల్సినవి మీ అమ్మ ఎలాగూ పెడుతుంది.

అన్నిటికంటే ముందు గసగసాలు. మన నాటుకోడి మసాలాలో పడేవే. యూఏఈలోనూ సింగపూర్‌లోనూ ఇవి నిషేధం, మత్తుమందుల లెక్కలోకి వస్తాయి. విడిగా పొట్లం లేకపోయినా, ఇంట్లో కొట్టించిన మసాలా పొడిలో పడ్డాయేమో అడిగి తెలుసుకోండి. మన వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు ఎక్కువ కాబట్టి దీన్ని మొదట రాశాను.

తర్వాత ఎండుకొబ్బరి. నూనె ఎక్కువగా ఉండి దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉందని, విమాన సరుకుల నిబంధనల్లో దాన్ని ప్రమాదకరమైన వాటిలో చేర్చారు. పొడుల్లో కొద్దిగా కలిస్తే ఎవరూ పట్టించుకోరు గానీ, చిప్పలు చిప్పలుగా పెట్టుకోవద్దు.

నెయ్యి, పాలకోవా యూరోపియన్ యూనియన్ దేశాలకి వద్దు. ప్రయాణికులు బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదన్నది అక్కడి నియమం. పచ్చి కరివేపాకుని అమెరికాలో రానివ్వరు. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు ఆ ఆకు మీద ఉంటుందని వాళ్ళ భయం. జర్మనీకైతే మోయాల్సిన పనే లేదు. శ్రీలంక తమిళుల కొట్లు ఉన్న ఊళ్ళలో కరివేపాకు, మునక్కాయ రెండూ దొరుకుతాయి.

కెన్యాకి వెళ్తుంటే ప్లాస్టిక్ క్యారీబ్యాగులు తీసేయండి. 2017 నుంచి అక్కడ నిషేధం, పట్టుబడితే పెద్ద జరిమానా, జైలు కూడా ఉంది. మా అత్తగారు ఆవకాయ డబ్బాకి ఒకదాని మీద ఒకటి ఏడు కవర్లు చుట్టి, ముడి మీద ముడి వేసి ఇచ్చారు. బయల్దేరే ముందు రోజు రాత్రి మా ఆయనకి ఈ సంగతి తెలిసింది. పదకొండింటికి కత్తెర పట్టుకుని ఒక్కో కవరూ కోసి, పాత ధోవతి చింపి చుట్టాం. నూనె కారలేదు, అదే మా అదృష్టం.

ఇక పెట్టుకోవాల్సినవి: చింతపండు, ఇంగువ, ఎండుమిరపకాయలు, పప్పుల పొడి, ఒక చిన్న కుక్కర్. శెనక్కాయల ఊరిబిండి తీసుకెళ్ళాలనుంటే చుక్క నీళ్ళు తగలకుండా పొడిగా దంచించండి. ఊరగాయలు చేతి సంచిలో వద్దు, ద్రవపదార్థం కింద లెక్కేసి పక్కన పెట్టేస్తారు.

తిరుపతి లడ్డు తీసుకెళ్ళచ్చా? ఆఫీసులో పంచాలి.

చాలామంది తీసుకెళ్తారు, మేమూ తీసుకెళ్ళాం. దేశాన్ని బట్టి నియమం మారుతుంది కాబట్టి అడిగితే దాచకుండా "పిండి, చక్కెర, నెయ్యితో చేసిన మిఠాయి" అని చెప్పండి. ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళు దిగేముందు ఇచ్చే ఫారంలో తిండి పదార్థాలున్నాయని తప్పకుండా టిక్కు పెట్టాలి. చెప్పి పారేయించుకుంటే పోయేది లడ్డే. దాచి దొరికితే జరిమానా.

పంచేటప్పుడు ఒక్క మాట. లడ్డులో జీడిపప్పు ఉంటుందని ముందే చెప్పండి. గింజలు పడనివాళ్ళు అక్కడ ఎక్కువ, వాళ్ళకది చిన్న విషయం కాదు. మా జర్మన్ సహోద్యోగి ఒకాయన పచ్చకర్పూరం వాసన చూసి, "ఇది తినేదా, ఒంటికి రాసుకునేదా?" అనడిగాడు. తిన్నాక ఇంకోటి అడిగాడు.

అన్నం దొరుకుతుందా?

దొరుకుతుంది. బాస్మతి ప్రతి సూపర్ మార్కెట్లో ఉంటుంది. సోనా మసూరికి మన కొట్లకో, తమిళుల కొట్లకో వెళ్ళాలి. పెరుగన్నానికి ఈ రెండూ కాకుండా జర్మనీలో "మిల్ష్‌రైస్" అని అర కిలో పొట్లాలు అమ్ముతారు, గుండ్రటి పొట్టి బియ్యం. వాళ్ళు దాన్ని పాలలో ఉడికించి, పైన చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లుకుని తింటారు. మనకది మెత్తగా ఉడికి పెరుగులో కలిసిపోతుంది. పెరుగు పుల్లగా కావాలంటే టర్కీ వాళ్ళ కొట్లో బక్కెట్టు కొనండి.

"వెజిటేరియన్" అని చెప్తే సరిపోదా?

సరిపోదు. మేము మాంసం తినే ఇంటివాళ్ళమే. కానీ శనివారం ముట్టం, తమిళుల పెరటాసి నెలంతా (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చేది) ముట్టం. చిత్తూరు వైపు వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అందుకని వారానికొక రోజు నేను కూడా మీలాగే అడిగి అడిగి తిన్నదాన్నే.

జర్మనీలో మొదటి నెలలో, ఒక శనివారం, ఒక హోటల్లో "మాంసం వద్దు" అని వచ్చీ రాని జర్మన్‌లో చెప్పి, వేయించిన ఉర్లగడ్డలు తెప్పించుకున్నాను. "మాంసం లేదు" అని నవ్వుతూ తెచ్చిపెట్టింది ఆ అమ్మాయి. బంగారు రంగులో గడ్డలు, ఎర్రగడ్డ ముక్కలు, మధ్యలో గులాబీ రంగు చిన్న చిన్న పలుకులు. క్యారెట్టేమో అనుకుని రెండు నమిలాక ఉప్పు, పొగ వాసన తగిలాయి. అది "ష్పెక్", పంది కొవ్వు ముక్కలు. అడిగితే, "ఇది మాంసం కాదండీ, రుచికి వేస్తాం" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. వాళ్ళ లెక్కలో మాంసమంటే పళ్ళెంలో పెద్ద ముక్క. ఆ రోజు నుంచి "మాంసం లేకుండా, ష్పెక్ లేకుండా" అని రెండూ కలిపి చెప్పడం నేర్చుకున్నాను.

ప్రతి దేశంలోనూ ఇలాంటి దొంగ సరుకు ఒకటుంటుంది. జపాన్‌లో అది "దాషి". ఎండబెట్టిన చేప తురుముని నీళ్ళలో వేసి తీసే సారం. మిసో సూప్, సోబా, ఉడాన్ అన్నిటికీ మామూలుగా అదే అడుగు. కూరగాయల సూపేలే అనుకుంటే మోసపోతారు. అక్కడ డబ్బాల్లో అమ్మే కూర ముద్దల్లో పశువుల కొవ్వు తరచుగా ఉంటుంది. థాయ్‌లాండ్‌లో చేపల్ని పులియబెట్టి తీసే ఫిష్ సాస్, ఎండు రొయ్యలు బొప్పాయి పచ్చడిలో కూడా పడతాయి. పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్‌కి దూడ కడుపులోంచి తీసిన, పాలు విరిచే రెనెట్టే వాడాలన్నది దాని నియమం. పిల్లలు నమిలే గమ్మీ మిఠాయిల్లో మామూలుగా పశువుల తోలు, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. తెలిశాక ఎవరిష్టం వాళ్ళది. నేనైతే శనివారం దాషిని వదిలేసి, సోమవారం రెండు గిన్నెలు తాగేదాన్ని.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా తినం. మా గతేంటి?

మీకు థాయ్‌లాండ్ స్వర్గం. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనబడితే ఆ కొట్లో "జే" తిండి దొరుకుతుందని గుర్తు. "జే" అంటే మాంసం, గుడ్లు, పాలు మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి జాతి కూడా ఉండదు. వాళ్ళకి ఏడాదికోసారి సెప్టెంబరు, అక్టోబరుల్లో తొమ్మిది రోజుల పండగ వస్తుంది. అప్పుడు వీధి వీధంతా ఇదే తిండి. కొన్నేళ్ళు మన పెరటాసితో కలిసే వస్తుంది. "మాంగ్‌సావిరత్" అనే మాట కూడా వినబడుతుంది, అది మామూలు శాకాహారం, గుడ్డు ఉండచ్చు. రెండిటికీ తేడా గుర్తుపెట్టుకోండి.

జపాన్‌లో బౌద్ధ మఠాల వంట "షోజిన్ ర్యోరి"లో కూడా ఉల్లి, వెల్లుల్లి వెయ్యరు, దాషి కూడా సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతోనే తీస్తారు. కోయా కొండ మీద మఠాల్లో బస చేస్తే రెండు పూటలా అదే పెడతారు. ఖరీదెక్కువ.

అక్కడ రాగి సంగటి దొరుకుతుందా?

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ రాశానేమో.

నైరోబీకి మా అమ్మ మూడు నెలలకి వచ్చింది. అమ్మది బంగారుపాళ్యం దగ్గర పల్లె. వచ్చిన రోజు నుంచీ "ఈ దేశంలో ఏం తింటారో ఏమో" అని నిట్టూర్పు. ఒక మధ్యాహ్నం మా పక్కింటావిడ వంటింట్లోకి తీసుకెళ్ళాను. ఆవిడ గిన్నెలో నీళ్ళు తెర్లుతుంటే తెల్ల మొక్కజొన్న పిండి పోసి, పొడుగాటి చెక్క తెడ్డుతో కెలకడం మొదలుపెట్టింది. ఆ తెడ్డుని "మ్వికో" అంటారు. గిన్నె జారకుండా ఒక చేత్తో బట్ట పట్టి, రెండో చేత్తో పిండిని గిన్నె అంచుకేసి నొక్కి, తిప్పి, మళ్ళీ నొక్కి. గడ్డ కట్టిన చోట తెడ్డు మొనతో చిదుపుతోంది. మా అమ్మ గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు చూసింది. తర్వాత కొంగు దోపుకుని లోపలికెళ్ళి గిన్నె పట్టుకుంది. ఒకరికి స్వాహిలి, ఒకరికి తెలుగు. ఒకరు కెలుకుతుంటే ఒకరు గిన్నె పట్టారు.

"ఏందిమే, ఇది సంగటే కదా! తెల్లసంగటి," అంది అమ్మ నాతో. "బియ్యం నూక వెయ్యలేదు, అంతే."

అది "ఉగాలి". ముద్ద తుంచి, అరచేతిలో ఉండ చేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటలో ఆకుకూర ఎత్తుకుని తింటారు. ఆ ఆకుకూర పేరు "సుకుమా వికి". వారాన్ని నెట్టుకొచ్చేది అని దాని అర్థం. జీతం అయిపోయిన చివరి రోజులకి ఆసరా అన్నమాట. ఎర్రగడ్డ, టమాటా వేసి వేయిస్తారు. ఒక పచ్చిమిరపకాయ పడితే అచ్చం మన ఇంటి రుచే.

అసలు రాగులు కూడా ఉన్నాయి. స్వాహిలిలో "వింబి" అంటారు. దాంతో కాచే జావ "ఉజి", మన అంబలే. పొద్దున పూట తాగుతారు, బిడ్డలకి పోస్తారు. మొదటిసారి తాగిన రోజు అమ్మ కొంచెం మజ్జిగ కలుపుకుంది, పక్కింటావిడ ఆశ్చర్యపోయింది.

ఆ సాయంత్రం నేను అమ్మకి ఒక మాట చెప్పి చిక్కులో పడ్డాను. రాగుల పుట్టిల్లు ఈ తూర్పు ఆఫ్రికా మెట్టలే, వేల ఏళ్ళ కిందట ఇక్కణ్ణుంచే మన దేశానికొచ్చాయి అని.

"పోనీ, శెనక్కాయలు?"

"దక్షిణ అమెరికా."

"మిరపకాయ?"

"అదీ అమెరికా ఖండం నుంచే. పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు."

అంటే మన ఊరిబిండి రోట్లో దంచేవి రెండూ పరాయివే. అమ్మ కాసేపు ఆలోచించి చింతపండు అంది. చింతచెట్టు కూడా ఆఫ్రికాదే అని చెప్పడానికి నాకే మనసు రాలేదు, కానీ చెప్పాను. టమాటా, ఉర్లగడ్డ అడగనే లేదు. చివరికి, "వంకాయైనా మనదేనా మే?" అంది. వంకాయ మనదే. "చాల్లే, సంగట్లోకి వంకాయ పులుసు చేస్తా," అని లేచింది.

ఇథియోపియాలో ఇంజెరా అంటే దోశేనా?

చూడ్డానికి దోశ, రుచికి పులిసిన పుల్లట్టు. "టెఫ్" అనే గింజ పిండితో చేస్తారు, గసగసాలంత చిన్న గింజ. పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, "మితాద్" అనే పెద్ద పెనం మీద చుట్టూ పోసి మూత పెడతారు. తిప్పరు. పైన చిల్లులు చిల్లులుగా కళ్ళు వస్తాయి. కళ్ళు ఎక్కువ పడితే బాగా వచ్చినట్టు. మనం సెట్ దోశకి చూసేదీ అదే కదా.

అక్కడ ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధవారం, శుక్రవారం ఉపవాసం ఉంటారు. ఉపవాసమంటే మాంసం, పాలు, వెన్న మానేయడం. ఈస్టర్ ముందు దాదాపు రెండు నెలలు ఇదే తిండి. అందుకని ఎంత చిన్న హోటల్లో అయినా ఉపవాసపు పళ్ళెం తయారుగా ఉంటుంది. "యెత్సోమ్ బెయాయ్‌నెతు" అనండి. ఒక పెద్ద ఇంజెరా మీద కందిపప్పు లాంటి పప్పులు, శనగపిండి పులుసు "షిరో", క్యాబేజీ, బీట్‌రూట్, ఆకుకూర కుప్పలు కుప్పలుగా వడ్డించి తెస్తారు. పెళ్ళి భోజనంలా ఉంటుంది. షిరోలో కొన్నిచోట్ల వెన్న వేస్తారు కాబట్టి "త్సోమ్" (ఉపవాసం) అని గట్టిగా చెప్పాలి.

అందరూ ఒకే పళ్ళెంలో తింటారు. మనకది కాస్త ఎంగిలి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ పక్కనున్న పెద్దావిడ ఒక ముద్ద చుట్టి నా నోటికే అందించింది. దాన్ని "గుర్షా" అంటారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. చిన్నప్పుడు అమ్మమ్మ పెట్టిన గోరుముద్ద తర్వాత ఒకరు నా నోట్లో ముద్ద పెట్టడం అదే.

చేత్తో తింటే ఏమైనా అనుకుంటారా?

కెన్యా, ఇథియోపియాల్లో చేత్తోనే తినాలి, కుడిచేత్తో. జర్మనీలో ఆఫీసు క్యాంటీన్లో ఫోర్కు, ఇంట్లో చెయ్యి. ఎవరూ ఏమీ అనరు, అనుకున్నా మనకి వినబడదు.

కారం లేకుండా ఎలా బతకాలి?

జర్మనీలో "షార్ఫ్" అంటే కారం. రొట్టెలో మాంసం చుట్టిచ్చే టర్కీ వాళ్ళ డోనర్ కొట్లో చుట్టేముందు "మిట్ షార్ఫ్?" అనడుగుతారు, అంటే కారం చల్లమంటావా అని. చల్లమనండి. వాళ్ళు భయంభయంగా చిటికెడు చల్లుతారు, ఇంకా చల్లమనండి. అంతకు మించి ఏం జరగదు. మా ఆయన మూడోసారి అడిగితే కొట్టాయన డబ్బా చేతికిచ్చేశాడు.

తాగే నీళ్ళు?

జర్మనీలో కొళాయి నీళ్ళు తాగచ్చు. ఇది తెలియక మొదటి వారం సీసాలు కొన్నాను, పైన "క్లాసిక్" అని ఉంటే మంచి రకం అనుకున్నాను. క్లాసిక్ అంటే గ్యాసు ఎక్కువున్న సోడా. దాంతో చారు పెట్టాను. పొంగు ఎందుకు తగ్గదో అర్థం కాలేదు. మామూలు నీళ్ళు కావాలంటే "ష్టిల్" అని ఉన్నది చూడండి. హోటల్లో మంచినీళ్ళు ఊరికే పెట్టరు, డబ్బులకే.

ఖర్చు తగ్గే దారి ఏదైనా ఉందా? మా వాడు స్టూడెంట్.

జర్మనీలో యూనివర్సిటీ క్యాంటీన్‌ని "మెన్సా" అంటారు, విద్యార్థులకి ధర తక్కువ. శాకాహారం ఏదో రాసి ఉంటుంది. రాత్రి కొట్టు మూసేముందు వెళ్తే తేదీ దగ్గరపడిన సరుకు మీద తగ్గింపు స్టిక్కర్లుంటాయి. నీళ్ళు, కూల్‌డ్రింకుల ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు పారేయొద్దు, చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కిస్తారు, కొట్లోనే మిషన్ ఉంటుంది. ఆదివారం కొట్లన్నీ బంద్. మేము దిగింది శనివారం రాత్రి. ఆ ఆదివారం రైల్వే స్టేషన్ కొట్లో కొన్న బ్రెడ్డు, అరటిపళ్ళతో గడిచింది. కాబట్టి మీవాణ్ణి శుక్రవారం లోపు దిగమనండి.

అక్కడి ఇండియన్ హోటళ్ళు ఎలా ఉంటాయి?

అన్నిచోట్లా ఒకటే మెనూ. బటర్ చికెన్, నాన్, మ్యాంగో లస్సీ. నాలుగు రోజులు బాగుంటుంది. టోక్యోలో షింజుకు దగ్గర నాకమురయ మాత్రం కథ తెలిసి తినాల్సిన చోటు. స్వాతంత్ర్య పోరాటంలో బ్రిటిష్ వాళ్ళ నుంచి తప్పించుకుని 1915లో జపాన్ చేరిన రాస్ బిహారీ బోస్‌కి ఆ కొట్టు వాళ్ళు ఆశ్రయమిచ్చారు, తర్వాత వాళ్ళమ్మాయినే ఆయన పెళ్ళి చేసుకున్నాడు. బ్రిటిష్ వాళ్ళ పద్ధతిలో పిండి కలిపి చేసే కూరలే జపాన్‌కి తెలిసిన రోజుల్లో, 1927లో అక్కడ మన పద్ధతి కోడికూర మొదలైంది. ఇప్పటికీ అమ్ముతున్నారు. శనివారం వెళ్ళకండి, అంతే.

ఎంత ప్రయత్నించినా తినలేకపోయింది?

నాట్టో. జపాన్‌లో పొద్దున టిఫిన్‌లో పెట్టే పులిసిన సోయా గింజలు. పుల్లలతో కలిపేకొద్దీ జిగురు పోగులు సాగుతాయి, బెండకాయ జిగురు దాని ముందు ఎందుకూ పనికిరాదు. వాసన గురించి రాయను. మా ఆయన రెండో రోజు నుంచి ఇష్టంగా తిన్నాడు, అది ఆయన ఖర్మ. అదే పళ్ళెంలో ఉమెబోషి ఉంది, ఉప్పులో ఊరి ఎండిన పుల్లటి పండు. దాన్ని దాచుకుని మధ్యాహ్నం పెరుగన్నంలో నంచుకున్నాను.

మామిడిపళ్ళు?

జర్మనీ సూపర్ మార్కెట్లో బ్రెజిల్, పెరూ దేశాల పళ్ళు వస్తాయి. రంగు బ్రహ్మాండం, వాసన సున్నా. ఒకసారి మన కొట్లో మామిడి గుజ్జు డబ్బా కొని, పాయసం కాచే ముందు అలవాటుగా వెనకవైపు చదివాను. చిత్తూరు జిల్లా అని ఉంది. రకం తోతాపురి, మనం బెంగుళూరా అనేది. 2025లో ధర పడిపోయి, రైతుకి కిలోకి 4 రూపాయలు ప్రభుత్వం సాయమివ్వాల్సి వచ్చిన కాయ ఇదే. మా పెదనాన్న తోటలోదే కావచ్చు. డబ్బా ఫోటో తీసి ఆయనకి పంపిస్తే, ఎంతకమ్ముతున్నారని అడిగాడు. యూరోల్ని రూపాయల్లోకి మార్చి చెప్పాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

తిరిగొచ్చాక అక్కడి వంటలేమైనా చేసుకుంటారా?

జర్మనీ బ్రెడ్డు నా వల్ల కాలేదు. ఇంజెరాకి టెఫ్ ఇక్కడ నాకు దొరకలేదు, రాగిపిండి, బియ్యప్పిండి కలిపి మూడు రోజులు పులియబెడుతున్నాను. కళ్ళు సగమే వస్తున్నాయి. ఉగాలి మాత్రం నెలకి రెండుసార్లు తప్పదు, సుకుమా వికి బదులు మునగాకుతో. నిన్న ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "పాపా, రాగులు మరపట్టించేదానికి పోతా ఉండా. తెల్లసంగటికి మొక్కజొన్నలు కూడా పట్టియ్యాల్నా?"